బెంచ్ పక్కనే ఉండవలసిన పుస్తకాలు

బెంగళూరు పీణ్యలో మేము నడుపుకునే నీటి పరీక్షల ల్యాబ్‌కు గత ఏప్రిల్‌లో పన్నెండు కొత్త 100 మిల్లీలీటర్ల క్లాస్ ఎ (ఎక్కువ కచ్చితత్వం ఉన్న తరగతి) ఫ్లాస్కులు వచ్చాయి. కొత్త గాజు సామాను వాడకంలోకి తీసుకునే ముందు గీత వరకు డిస్టిల్డ్ వాటర్ నింపి, తూచి, ఆ బరువు నుంచి ఘనపరిమాణం లెక్కగట్టి సరిచూడడం మా పద్ధతి. హిందూపురం నుంచి వచ్చి ఆరు నెలలుగా మా దగ్గర పనిచేస్తున్న అమ్మాయి ఆ పనిని రోజంతా శ్రద్ధగా చేసి, సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "సార్, పన్నెండూ ఫెయిల్ అయినాయి" అని చెప్పింది. ఆమె నోటుబుక్కులో ఒక ఫ్లాస్కు నీటి బరువు 99.56 గ్రాములు. దానిని 0.99821తో భాగిస్తే 99.74 మిల్లీలీటర్లు వచ్చింది. క్లాస్ ఎ ఫ్లాస్కుకు అటూ ఇటూ 0.10 మిల్లీలీటరుకు మించి తేడా ఉండకూడదు కాబట్టి, ఆ లెక్క ప్రకారం సరుకు మొత్తం వాపసు పంపవలసిందే.

తప్పు ఫ్లాస్కులది కాదు, ఆ అమ్మాయిది అసలే కాదు. మా ల్యాబ్ రాతపూర్వక విధానంలో ఆ సంఖ్యను ఎన్నో ఏళ్ల క్రితం ఎవరో అలాగే దించి పెట్టారు. 0.99821 అన్నది 20 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత. ఆ రోజు మా తూనిక గదిలో ఉష్ణోగ్రత 27 డిగ్రీలు. అక్కడ సాంద్రత 0.99652 మాత్రమే. దీనికి తోడు, గాలిలో తూచినప్పుడు గాలి నీటిని కొంత పైకి మోస్తుంది కాబట్టి 100 మిల్లీలీటర్ల నీరు దాని అసలు బరువు కంటే దాదాపు 0.1 గ్రాము తక్కువ తూగుతుంది. ఈ రెండు సవరణలూ కలిపి, ఒక్కో ఉష్ణోగ్రతకూ ఒక గ్రాము నీటి ఘనపరిమాణం ఎంతో చూపే పట్టిక, రసాయన విశ్లేషణపై వోగెల్ రాసిన పాఠ్యపుస్తకంలో గాజు సామాను సరిచూసే భాగంలో ఉంటుంది. 27 డిగ్రీల దగ్గర ఆ విలువ సుమారు 1.0045. దానితో గుణిస్తే అదే ఫ్లాస్కు 100.01 మిల్లీలీటర్లతో నిక్షేపంగా నిలిచింది. మిగిలిన పదకొండూ అలాగే నెగ్గాయి.

ఇక్కడ ఇంకొక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ పట్టికలోని సవరణ సముద్రమట్టం దగ్గరి గాలికి వేసినది. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి పలచన, అది మోసే బరువూ ఆ మేరకు తక్కువ. ఈ తేడా 100 మిల్లీలీటర్లకు 0.01 మిల్లీలీటరు మాత్రమే కనుక మా నిర్ణయాలేవీ మారవు. అయినా, అది ఎంతో లెక్కవేసి చూసి పట్టించుకోనవసరం లేదనుకోవడం వేరు, అసలు అలాంటి తేడా ఒకటి ఉందని తెలియకపోవడం వేరు.

ఫ్లాస్కు ఏ ఉష్ణోగ్రత దగ్గర సరైన కొలత ఇస్తుందో దాని మెడ కింద ముద్రించి ఉంటుంది, దానిని కూడా మనలో చాలామంది చదవరు. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్నది 20 డిగ్రీలు. భారతీయ ప్రమాణాలు మన వాతావరణానికి తగినట్టు 27 డిగ్రీలను ఆధారంగా తీసుకున్నాయి కాబట్టి, మన ల్యాబుల్లో రెండు రకాల సామానూ ఒకే అల్మరాలో కలిసి కనిపిస్తుంది. బోరోసిలికేట్ గాజు వ్యాకోచం చాలా తక్కువ, ఏడు డిగ్రీల తేడాకు 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కు పెరిగేది 0.01 మిల్లీలీటరు లోపే. అసలు పెరిగేది లోపలి నీరు: అదే ఏడు డిగ్రీలకు 0.17 మిల్లీలీటరు. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన స్టాండర్డ్ ద్రావణాన్ని గది ఉష్ణోగ్రతకు రానివ్వకుండా గీత వరకు నింపకూడదని నేను పదే పదే చెబుతుంటాను.

నా వోగెల్ ప్రతిని చాలా ఏళ్ల క్రితం అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దుకాణంలో కొన్నాను. 1939లో మొదటిసారి వెలువడిన ఆ పుస్తకం తరువాత ఎన్నో కూర్పులు పొందింది. నా దగ్గర ఉన్నది పాత కూర్పే అయినా, బ్యూరెట్ ఎలా కడగాలి, అవక్షేపాన్ని ఎంతసేపు నిలవ ఉంచాలి, పర్మాంగనేట్ ద్రావణాన్ని కాగితంతో కాక గాజు ఫిల్టర్‌తోనే ఎందుకు వడకట్టాలి వంటి విషయాలలో దానికి కాలదోషం పట్టలేదు. నీటి పరీక్షలకు ప్రపంచమంతా అనుసరించే అమెరికన్ ప్రామాణిక పద్ధతుల సంకలనం సంగతి అలా కాదు. 1905 నుంచి వస్తున్న ఆ గ్రంథమైనా, నీటి పరీక్షల భారతీయ ప్రమాణమైన మన ఐఎస్ 3025 భాగాలైనా చెల్లుబాటులో ఉన్న తాజా కూర్పునే వాడాలి. ల్యాబుల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 గుర్తింపు ఉన్న ల్యాబ్ పద్ధతుల విషయంలో పాటించవలసిన నియమం కూడా అదే. పాత కూర్పు చవకగా దొరికింది కదా అని ఈ రెండో రకం పుస్తకాలను కొనవద్దని కొత్తగా ల్యాబ్ పెట్టుకునేవారికి నా మనవి.

పుస్తకం బెంచ్ పక్కనే ఎందుకు ఉండాలో ఫ్లోరైడ్ పరీక్ష నాకు బాగా నేర్పింది. అనంతపురం వైపు నుంచి మాకు బోరు నీళ్ల శాంపిళ్లు తరచుగా వస్తాయి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతి. ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు శాంపిల్‌కు సమానంగా టిసాబ్ బఫర్ (పీహెచ్‌నూ మొత్తం అయాన్ల బలాన్నీ స్థిరంగా ఉంచే ద్రావణం) కలపాలని విధానపత్రంలో ఒక వాక్యం ఉంటుంది, అంతే. ఎందుకు కలపాలో పుస్తకం చెబుతుంది. నీటిలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఎలక్ట్రోడ్‌కు విడిగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్ మాత్రమే కనిపిస్తుంది కనుక ఆ పట్టును విడిపించడానికి టిసాబ్‌లో, ఆ లోహాలను తానే కట్టేసుకునే సీడీటీఏ అనే రసాయనం ఉంటుంది. పీహెచ్ మరీ తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసిపోతుంది, మరీ పెరిగితే హైడ్రాక్సైడ్ అయాన్లనే ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్‌గా లెక్కిస్తుంది, అందుకే బఫర్ దానిని 5కూ 5.5కూ మధ్య నిలుపుతుంది. ఇది తెలిసిన మనిషి, పటికతో ఫ్లోరైడ్ తొలగించే నల్గొండ పద్ధతి ప్లాంటు నుంచి శాంపిల్ వచ్చినప్పుడు అందులో అల్యూమినియం మిగిలి ఉండవచ్చని ముందుగానే ఊహించి, తెలిసిన మొత్తంలో ఫ్లోరైడ్ కలిపి, అది పూర్తిగా తిరిగి వస్తోందో లేదో చూస్తాడు. తెలియని మనిషి తక్కువ రీడింగ్‌ను నమ్మి, ఆ నీరు మంచిదని రిపోర్టు రాసి పంపుతాడు. ఆ రిపోర్టును చూసి నీళ్లు తాగేది పిల్లలు.

పనిముట్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఉన్న సొమ్ములో ముందు వాటా పెద్ద యంత్రానికి కాక, సర్టిఫికెట్ ఉన్న తూనిక రాళ్లకు, థర్మామీటరుకు దక్కాలి. పైన చెప్పిన లెక్కంతా ఉష్ణోగ్రత మీదే నడిచినా, మా గదిలోని థర్మామీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఆ రోజు నాకే వెంటనే గుర్తు రాలేదు.

మా విధానపత్రంలో ఇప్పుడు ఆ ఒక్క సంఖ్య స్థానంలో 18 నుంచి 32 డిగ్రీల వరకు పట్టిక ఉంది. వోగెల్ నా గది వదిలి బ్యాలెన్స్ పక్క అరలోకి చేరింది. వచ్చే వారం ఆ అమ్మాయి అదే పట్టికతో 10 మిల్లీలీటర్ల పిపెట్లను సరిచూస్తుంది. వాటి హద్దు 0.02 మిల్లీలీటరు కనుక ఈసారి నీళ్లను బ్యాలెన్స్ గదిలో ముందు రోజు రాత్రే పెట్టి ఉంచుతానని తానే చెప్పింది.