డివైడర్‌కి ఎటు పడ్డారు?

నిన్న మధ్యాహ్నం మా నాన్నగారి ఖాతాలో రూ.50,000 జమ అయ్యాయి. గుద్ది పారిపోయిన వాహనాల బాధితులకు ఇచ్చే పరిహారం అది. కాలు విరిగిన మనిషికి ఆ డబ్బు ఏ మూలకూ చాలదు. ఫిజియోథెరపీకీ ఆటోలకీ అంతకు మించే అయింది. అయినా ఆ మెసేజ్ చూసి ఆఫీసులో అందరి ముందూ గట్టిగా నవ్వేశాను. కోపం చల్లారాక రాస్తే మరీ మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

విశాఖ గురించి తెలియనివారికి ఒక మాట. 16వ నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్క నుంచి కాదు, నడిబొడ్డున పోతుంది. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, అన్నీ దాని మీదే. ఆ వరసలోనే ఒకచోట, వీధి దీపాలు వెలగని రోజుల్లో, చీకటి పడ్డాక నాన్నగారు రోడ్డు దాటుతుంటే ఒక బైకు గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. నంబరు ఎవరూ చూడలేదు. పేరైనా చెప్పని ఒక ఆటో డ్రైవరు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాడు. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషన్ చక్కగా చేశారు. డాక్టర్ల మీద, నర్సుల మీద నాకు పల్లెత్తు ఫిర్యాదు లేదు. నా గోడు అంతా కాగితాల గురించే.

రోడ్డు ప్రమాదం కాబట్టి ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలపవలసిన కేసు) కింద రాసుకున్నారు. ఆసుపత్రి ఆవరణలోనే పోలీసు ఔట్‌పోస్ట్ ఉంటుంది. అక్కడి కానిస్టేబుల్ నాన్నగారి వాంగ్మూలం రాసుకుని, ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తే ఆ స్టేషన్‌కి ఇంటిమేషన్, అంటే రాతపూర్వక సమాచారం, పంపుతామనీ, వాళ్ళు ఎఫ్ఐఆర్ కడతారనీ చెప్పాడు. మర్యాదగా మాట్లాడాడు, కుర్చీ కూడా వేశాడు. ఈ కథలో నాకు ఒకరు కుర్చీ వేయడం అదే మొదలు, చాలాకాలం పాటు అదే ఆఖరు.

స్టేషన్‌లో కాగితాల పని చూసే రైటర్ కంప్యూటర్ వైపే చూస్తూ "మాకేమీ రాలేదమ్మా" అన్నాడు. ఔట్‌పోస్ట్ వాళ్ళు పంపామన్నారని చెప్పాను. "పంపితే వచ్చేది కదా" అన్నాడు. ఎక్కడ జరిగిందని అడిగాడు. చెప్పాను. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు.

"డివైడర్‌కి అటా, ఇటా?"

విషయం ఏమిటంటే, ఆ జంక్షన్ దగ్గర రెండు స్టేషన్లకు సరిహద్దు ఆ డివైడరేనట. సముద్రం వైపు ఒకరిది, కొండ వైపు ఇంకొకరిది. నాన్నగారు దాటుతున్నది డివైడర్‌లో మనుషులు నడవడానికి వదిలిన సందులోంచి. మధ్యలోనే తగిలిందని చెప్పాను. "అదేనమ్మా తిరకాసు" అని, తగిలాక ఎటు పడ్డారని అడిగాడు. నేను అక్కడ లేనన్నాను. "పెద్దాయనకి ఫోన్ చేయండి, స్పీకర్ పెట్టండి" అన్నాడు.

పెట్టాను. ఎందుకు పెట్టానంటే, ఎదురుగా ఉన్నది పోలీసు స్టేషన్, చేతిలో ఉన్నది మా అవసరం. బెంచీ మీద సెల్‌ఫోన్ పోగొట్టుకున్నవాళ్ళు, పాస్‌పోర్టు విచారణకు వచ్చినవాళ్ళు, మొగుడూ పెళ్ళాల తగవు తీర్చుకోవడానికి వచ్చిన రెండు కుటుంబాలవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ వినేలా ఆయన అడిగిన ప్రశ్న ఇది: "పెద్దాయనా, పడ్డాక మీ తల సముద్రం వైపు ఉందా, కొండ వైపు ఉందా?"

నాన్నగారు పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి దిగిన ప్రతి బస్తానూ లెక్కపెట్టిన మనిషి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నిజాయితీగా, "బాబూ, తల కొండ వైపే అనుకుంటాను, కాళ్ళు మాత్రం ఇటే ఉన్నాయి" అన్నారు. బెంచీ మీదవాళ్ళు నవ్వారు. రైటర్ కూడా నవ్వి, "అయితే తల ఉన్న స్టేషన్‌కి వెళ్ళండమ్మా" అన్నాడు.

తల ఉన్న స్టేషన్‌కి వెళ్ళాను. వాళ్ళు కాళ్ళ స్టేషన్‌కే పొమ్మన్నారు. పైగా అక్కడ నాతో మాట్లాడలేదు. స్కూటర్ మీద నన్ను దింపడానికి వచ్చిన మా మేనల్లుడితో మాట్లాడారు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, ఇంకా సరిగా మీసం రాలేదు. "బాబూ, మీ అత్తకి అర్థమయ్యేలా నువ్వు చెప్పు" అన్నారు. కంపెనీల పద్దుల్లో తప్పులు పట్టడం నా వృత్తి. నేను ఒక ఓచరు అడిగితే మేనేజర్లకు చెమటలు పడతాయి. ఆ రోజు నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక ఇంటర్ కుర్రవాడు కావలసివచ్చాడు. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు పాపం.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎవరి పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అదే జీరో ఎఫ్ఐఆర్. తర్వాత పరిధి ఉన్న స్టేషన్‌కి వాళ్ళే బదిలీ చేసుకోవాలి. అంటే తల, కాళ్ళ పంచాయితీ వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవలసింది, నాతో కాదు. ఇది చెబితే నాకు దొరికిన జవాబు, "అది ఆడపిల్లల కేసులకమ్మా" అని. చట్టంలో అలా ఎక్కడా లేదు.

ఈలోగా ఆసుపత్రి రికార్డుల విభాగంలో వూండ్ సర్టిఫికెట్, అంటే గాయాల వివరాలు రాసిచ్చే పత్రం, అడిగాను. పోలీసుల రిక్విజిషన్ (కావాలని అడిగే ఉత్తరం) వస్తేనే ఇస్తామన్నారు. పోలీసులేమో, వూండ్ సర్టిఫికెట్ చూపిస్తే గాయం ఏపాటిదో చూసి సెక్షన్ పెడతామన్నారు. ఎముక విరిగితే అది తీవ్ర గాయమేనని, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 116వ సెక్షన్ చెబుతూనే ఉంది. ఎక్స్‌రే నా సంచీలోనే ఉంది. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసినవాడు లేడు.

మా బాబాయి ఎమ్మెల్యే గారి పీఏ తెలుసన్నాడు. వద్దన్నాను. మనకు హక్కుగా రావలసిన కాగితాన్ని ఒకరి దయగా పుచ్చుకుంటే జీవితాంతం ఆ ఇంటి ముందు చేతులు కట్టుకు నిలబడాలి. బాబాయికి కోపం వచ్చింది. రానివ్వండి. ఇంట్లో ప్రతి పనికీ పీఏలను వెతికే అలవాటు వల్లే స్టేషన్లు ఇలా తయారయ్యాయని నా అభిప్రాయం. అధికారులు ప్రజల ఫిర్యాదులు తీసుకునే సోమవారం అర్జీ కూడా ఇచ్చాను. అది తిరిగి ఆ స్టేషన్‌కే వెళ్ళింది. "పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది.

అప్పుడు నా వృత్తి నాకు గుర్తొచ్చింది. ఆడిట్‌లో ఎవరినీ "న్యాయం చేయండి" అని అడగం. "ఫలానా తేదీ పుట చూపించండి" అంటాం. సమాచార హక్కు చట్టం, 2005 కింద రెండు దరఖాస్తులు రాశాను. ఎందుకు జాప్యం జరిగింది, బాధ్యులెవరు లాంటి ప్రశ్నలు ఒక్కటీ పెట్టలేదు. అలాంటివాటికి "వర్తించదు" అని రాసి చేతులు దులుపుకుంటారు. ఆసుపత్రిని అడిగింది ఇంతే: ఆ తేదీన మెడికో లీగల్ రిజిస్టర్‌లో నాన్నగారి పేరున్న పుట నకలు, ఇంటిమేషన్ ఎవరికి అందిందో చూపే పుట నకలు. పోలీసులను అడిగింది: ఆ ఇంటిమేషన్ నకలు, దాన్ని ఎక్కించిన జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ పుస్తకం) పుట నకలు. ఒక్కోదానికి పది రూపాయలు. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఆరో సెక్షన్ ఆ ప్రశ్నే అడగకూడదంటుంది. తీసుకున్నవాళ్ళ చేత తేదీ వేసిన ముద్ర కొట్టించుకోండి. ఆ ముద్ర లేకపోతే 30 రోజుల గడువు ఎప్పుడు మొదలైందో చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

పోలీసుల జవాబు ముందు వచ్చింది. దర్యాప్తుకు ఆటంకం కాబట్టి 8(1)(హెచ్) కింద ఇవ్వలేమట. ఎఫ్ఐఆరే కట్టని కేసులో దర్యాప్తు ఎక్కడ జరుగుతోందో! ఆ కాగితాన్ని లామినేట్ చేయించాను.

తర్వాత ఆసుపత్రి నుంచి కవరు వచ్చింది. లోపల జిరాక్స్ కాగితాలు రెండు. రెండోదాని మీద నాన్నగారి పేరుకు ఎదురుగా, "అందినది" అన్న గడిలో, తలకిందులుగా పడిన గుండ్రటి ముద్ర. కాగితం తిప్పి చదివాను. కాళ్ళ స్టేషన్ ముద్ర. "మాకేమీ రాలేదమ్మా" అన్న స్టేషన్. ప్రమాదం జరిగిన మర్నాటి తేదీ. కింద ఒక పొట్టి సంతకం, కొక్కెంలాంటి గీతతో. ఆ గీత నేను ఇదివరకు చూశాను. ఆ రైటర్ బల్ల మీది ఫైళ్ళన్నిటి మీదా ఉన్నది అదే.

స్టేషన్‌కి వెళ్ళి అరవాలనిపించింది. వెళ్ళలేదు. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే పైఅధికారికి రాతపూర్వకంగా పంపవచ్చని సురక్షా సంహిత 173(4) చెబుతుంది. ముద్ర ఉన్న పుట, లామినేట్ చేయించిన జవాబు నకలు జతచేసి, స్టేషన్ల మీది అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆ వారంలోనే ఫోను. "మేడమ్, మీరు రానక్కరలేదు, మేమే ఇంటికి వస్తాం." ఎస్సై వచ్చారు, నాన్నగారి మంచం పక్కన కూర్చుని వాంగ్మూలం రాసుకున్నారు. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చారు. స్థలం అన్న గడిలో "డివైడర్ వద్ద" అని రాశారు. అంతే. మొదటి రోజే ఆ రెండు మాటలు రాసి ఉంటే సరిపోయేది. రిక్విజిషన్ వెళ్ళింది, వూండ్ సర్టిఫికెట్ వచ్చింది.

పరిహారం సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు. వాహనం దొరకని కేసుల్లో మరణిస్తే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే రూ.50,000 అని 2022 ఏప్రిల్ 1 నుంచి పథకం అమల్లో ఉంది. అంతకుముందు ఇవి ఇరవై అయిదు వేలు, పన్నెండున్నర వేలు. నెలలోగా వాహనం ఆచూకీ తెలియకపోతే ఈ పథకం గురించి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మాకు చెప్పలేదు. నేనే వాళ్ళకు చెప్పాను. ఆర్డీఓ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడం, కలెక్టర్ మంజూరు, జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ నుంచి డబ్బు రావడం సాఫీగా జరిగిపోయాయి. విశాఖ జిల్లాలో రెవెన్యూ డివిజన్లు రెండు, విశాఖపట్నం, భీమునిపట్నం. మాది ఏదని అడిగితే అక్కడి గుమాస్తా వార్డు పేరు విని ఒక్క క్షణంలో చెప్పాడు. అతనికి ఎవరి తలతోనూ పని పడలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, ఔట్‌పోస్ట్‌లోనే ఇంటిమేషన్ నంబరు, తేదీ అడిగి ఫోనులో ఫొటో తీసుకోండి. మంచి కానిస్టేబుల్ అయితే చూపిస్తాడు.

మిగిలింది దీపాలు. ఆ జంక్షన్‌లో వాటి నిర్వహణ కాంట్రాక్టు ఎవరిదో అడుగుతూ ఇంకో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ఆ రోడ్డు తమది కాదని ఒక కార్యాలయం జవాబిచ్చింది. తమది కాకపోతే అయిదు రోజుల్లో అసలు వాళ్ళకు బదిలీ చేయాలని ఆ చట్టం 6(3) చెబుతుంది, చేయలేదు. మొదటి అప్పీలు వేశాను, దానికి రుసుము కూడా లేదు. వచ్చే నెల విచారణకు రమ్మని ఉత్తరం వచ్చింది. మా మేనల్లుడు, నేను నిన్న రాత్రి టార్చిలైటు పట్టుకుని స్తంభాల మీది నంబర్లన్నీ రాసుకొచ్చాం, డివైడర్‌కి అటువి, ఇటువి వేర్వేరు కాగితాల మీద.