72 చేతులు దాటిన కప్పు

చైనాలో పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దజెన్ పాత వీధుల్లో నడిచేవారికి ముందు పక్కకు తప్పుకోవడం రావాలి. సందు మలుపు తిరగగానే ఎవరో ఒకరు భుజం మీద పొడవాటి చెక్క పలకతో ఎదురవుతారు. పలక మీద వరసగా ఇంకా కాల్చని గిన్నెలు ఉంటాయి. ఒక చేత్తో పలకను పట్టుకుని, చూపు దారి మీదే ఉంచి, ఒక్క గిన్నె కూడా కదలకుండా నడిచిపోతారు. హడావుడిగా వచ్చే స్కూటర్లు సైతం ఆగి దారి ఇస్తాయి. ఒక ఇంట్లో సారె, ఇంకో ఇంట్లో చెక్కుడు పని, మరో ఇంట్లో రంగులు, నాలుగు వీధుల అవతల బట్టీ. ఊరంతా కలిపి ఒకటే కర్మాగారం.

మా తమ్ముడు హాంగ్‌జౌలో ఉద్యోగం చేస్తున్నాడు. చైనా వస్తే షాంఘై మేడలు చూపిస్తానని వాడి ఉత్సాహం. నాకేమో ఎప్పటి నుంచో వేరే కోరిక. మన మోటుపల్లి రేవులో చైనా పింగాణీ పెంకులు దొరికాయని చదివినప్పటి నుంచి, ఆ పింగాణీ పుట్టే చోటు చూడాలని ఉండేది. సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ 1244లో కాకతి గణపతిదేవుడు శాసనం వేయించిన రేవు అది. "అక్కా, అక్కడ మట్టి తప్ప ఏముంది?" అన్నాడు తమ్ముడు. మట్టి కోసమే అన్నాను.

జియాంగ్‌షీ రాష్ట్రంలో, చాంగ్ నది ఒడ్డున ఉంటుందీ ఊరు. సోంగ్ వంశపు చక్రవర్తి జెన్‌జోంగ్ 1004లో తన పాలనా శకం పేరైన 'జింగ్‌ద'ను ఈ ఊరికి పెట్టాడు. వెయ్యేళ్లు దాటినా పేరూ మారలేదు, పనీ మారలేదు. చుట్టూ కొండలు ఉన్నాయి. కొండల్లో తెల్లరాయి, తెల్లమట్టి, బట్టీకి కావలసిన పైన్ కట్టె దొరుకుతాయి. పడవలో పెడితే పగలకుండా సరుకు మోసుకుపోయే నది ఉండనే ఉంది. పింగాణీకి ఇంతకన్నా కావలసినది లేదు. ఊరికి ఈశాన్యాన ఉన్న గావ్‌లింగ్ కొండ పేరే ఇప్పుడు ప్రపంచమంతా కేయోలిన్ అని పిలిచే మట్టికి వచ్చింది.

పొద్దున్నే ఈ ఊరు తినేది చల్లటి సేమియా. సేమియా అన్నాను గానీ, పెన్సిలంత లావుండే బియ్యప్పిండి తీగలవి. వేడినీళ్లలో ముంచి తీసి, సోయా రసం, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, పైన నూనెలో తేలే ఎర్రటి కారం వేసి కలుపుతారు. గిన్నె ఏడెనిమిది యువాన్లు, అంటే మన లెక్కలో వంద రూపాయలకు అటూ ఇటూగా. చైనా వంట చప్పగా ఉంటుందని ఎవరైనా అంటే వాళ్లను తీసుకొచ్చి జియాంగ్‌షీలో ఒక వారం కూర్చోబెట్టాలి. మొదటి ముద్దకే మా తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. బండి దగ్గరున్న ఆవిడ నా వైపు చూసి, ఇంకో గరిటె కారం వేయనా అని సైగ చేసింది. వేయమన్నాను. మిరపకాయ మనకూ వాళ్లకూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన చుట్టమే. దాన్ని సొంతం చేసుకోవడంలో మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

బియ్యప్పిండి పొర లోపల ముల్లంగి తురుమో టోఫూనో పెట్టి ఆవిరి మీద ఉడికించే కజ్జికాయ ఆకారపు వంటకం ఇంకొకటి ఉంది, జియావ్‌జుబా అంటారు. అందులోనూ కారమే. నాకు బాగా నచ్చింది బూడిదనీళ్ల రొట్టె. గడ్డి కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, వడగట్టి, ఆ క్షారపు నీళ్లతో బియ్యప్పిండి ఉడికిస్తారు. పసుపుపచ్చగా, రబ్బరులా సాగే ముద్ద తయారవుతుంది. దాన్ని పలచగా కోసి, పొగబెట్టిన పంది మాంసంతో పెనం మీద వేయిస్తారు. మాంసం వద్దంటే ఆకుకూరతో చేసి ఇచ్చారు. అదే రుచిగా ఉందని తమ్ముడు నా పళ్లెంలోనూ చెయ్యి పెట్టాడు.

సాన్‌బావ్ అనే లోయలో వాగు పక్కన నీటిచక్రాలు ఉన్నాయి. నీరు చక్రాన్ని తిప్పితే, చక్రం చెక్క రోకళ్లను ఎత్తి వదులుతుంది. కింద గుంటలో తెల్లరాయి నలుగుతుంది. వాగులో నీరు ఎక్కువైతే దెబ్బలు దగ్గర దగ్గరగా, తగ్గితే ఎడం ఎడంగా పడతాయి. ఆ పొడిని నీళ్లలో కలిపి, బరువైనది అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన సన్నటి బురదను తీసి, ఇటుకల్లా పోసి ఆరబెడతారు. దీనికి గావ్‌లింగ్ మట్టి కలుస్తుంది. రాయి పొడి కరిగి గాజులా గట్టిపడుతుంది, మట్టి దాన్ని సుమారు 1300 డిగ్రీల వేడిలో కూలిపోకుండా నిలబెడుతుంది. రెండింటినీ కలపడం యువాన్ రాజవంశపు (13-14 శతాబ్దాల) కాలం నాటికి ఇక్కడ కుదిరింది. ఐరోపాలో ఈ గుట్టు 18వ శతాబ్దం దాకా ఎవరికీ చిక్కలేదు.

సారె దగ్గర కూర్చున్న మనిషిని చూస్తే మన కుమ్మరే గుర్తొస్తాడు. చక్రం అంచున ఉన్న గుంటలో కర్ర పెట్టి గిర్రున తిప్పి, కర్ర పక్కన పడేసి, ముద్ద మీద చేతులు వేస్తాడు. కాకపోతే ఇక్కడ సారె మీద చేసేది మొదటి అంకమే. గిన్నె మందంగా, మోటుగా దిగుతుంది. దానికి అసలు రూపు చెక్కుడు పనివాడి దగ్గర వస్తుంది.

అలాంటి పెద్దాయన ఒకరి గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాను. బోర్లించిన పచ్చి గిన్నె తిరుగుతూ ఉంటే, కొన వంచిన ఇనుప కత్తితో గీస్తున్నారు. తెల్లటి పొరలు చుట్టలు చుట్టుకుని రాలుతున్నాయి. కనుబొమ్మల మీద, చెవుల మీద అంతా పొడి. కత్తులు బజారులో కొన్నవి కావు. ఈ పని చేసేవాళ్లు ఎవరి కత్తి వాళ్లే సాగగొట్టుకుని, ఆకురాయితో పదును పెట్టుకుంటారు. కాసేపు గీయడం, ఆగి వేలితో గిన్నెను తట్టి వినడం, మళ్లీ గీయడం. మందం ఎంతుందో ఆ చప్పుడే చెబుతుంది. అడుగు దగ్గర ఒకలా, అంచు దగ్గర ఒకలా మోగింది. నా చెవికి రెండూ ఒకటే అనిపించాయని చెప్పితే, కళ్లు మూసుకుని వినమన్నారు. అప్పుడు కాస్త తేడా తెలిసింది. "ఈ గిన్నె సారె మీద చేసింది కూడా మీరేనా?" అని తమ్ముడు అడిగాడు. "కాదు, నాకు చేతకాదు" అన్నారు. ఆ మాటలో నామోషీ ఏమీ లేదు. మంగలిని బట్టలు కుట్టడం వచ్చా అని అడిగినట్టు చూశారు.

ఈ ఊరి రహస్యమంతా ఆ జవాబులోనే ఉందని నాకనిపిస్తుంది. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ అనే పండితుడు చేతిపనుల మీద రాసిన గ్రంథంలో, ఒక్క కప్పు తయారవ్వాలంటే 72 చేతులు మారుతుందని రాశాడు. చిన్నాచితకా పనులు ఆ లెక్కలో చేర్చలేదని కూడా చెప్పాడు. ఇక్కడ చాలాకాలం ఉన్న దాంత్రకోల్ అనే ఫ్రెంచి మతగురువు 1712లో రాసిన ఉత్తరంలోనూ ఇదే మాట ఉంది. ఒకడు అంచు కింద రంగు గీత మాత్రమే గీస్తాడట, రెండోవాడు పువ్వుల గీతలు, మూడోవాడు వాటిలో రంగు. చూపు లేనివాళ్లు సైతం రంగులు నూరి బతికేవారని ఆయనే రాశాడు.

ఆ మూడో పని ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉంది. నీలం రంగు కోబాల్టు నుంచి వస్తుంది. కాల్చకముందు అది బూడిదరంగులో, మసి నీళ్లలా ఉంటుంది. దాన్ని మామూలు నీళ్లతో కాకుండా టీ నీళ్లతో కలుపుతారు. కుంచె మధ్యలో బొద్దుగా, కొసన సన్నగా ఉంటుంది. దాని నిండా రంగు నీరు నింపి, ఆకు బొమ్మ మీద ఒక్క పెద్ద చుక్క వదిలి, కుంచె కొసతో ఆ చుక్కను ఆకు అంచుల దాకా నడిపిస్తారు. పచ్చి మట్టి నీటిని వెంటనే తాగేస్తుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగితే అక్కడ మరక పడుతుంది, దిద్దుకోవడం కుదరదు. నేను చూసిన అమ్మాయి చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, ఏదో ధారావాహిక వింటూ, ఒకదాని తర్వాత ఒకటిగా ఆకులు నింపుకుంటూ పోతోంది. ఆమె పువ్వుల జోలికి పోలేదు. పువ్వులు పక్క బల్ల వాళ్లవి.

ఊరి నడిబొడ్డున రాజుగారి బట్టీలు ఉండేవి. మింగ్, చింగ్ చక్రవర్తుల అంతఃపురాలకు సరుకు వెళ్లింది ఇక్కడి నుంచే. రంగు తేలిపోయినా, అంచు వంకరపోయినా ఆ పాత్రను పగలగొట్టి పాతిపెట్టేవారు. రాజు వాడే నమూనా మామూలు జనం చేతుల్లో పడకూడదని అంత జాగ్రత్త. 1980ల నుంచి ఆ గుంటలు తవ్వి, పెంకుకు పెంకు అతికించి ఇప్పుడు మ్యూజియంలో పెట్టారు. అతుకుల గీతలు కనిపిస్తూనే ఉంటాయి. ఎంత వెతికినా కొన్నింటిలో నాకు లోపమే కనపడలేదు. ఆ పనివాళ్ల కూలి మాట ఏమయ్యేదో అనే ఆలోచన మాత్రం వదల్లేదు.

దానికి సమాధానంగా ఇక్కడ ఒక కథ చెబుతారు. 1599 ప్రాంతంలో రాజుగారికి పెద్ద పెద్ద తొట్లు కావలసి వచ్చాయి. ఎన్నిసార్లు కాల్చినా పగిలిపోతున్నాయి. పర్యవేక్షణకు వచ్చిన అధికారి పనివాళ్లను కొట్టించాడు. తోంగ్ బిన్ అనే బట్టీ పనివాడు విసిగి మంటల్లో దూకేశాడు. తెల్లవారి తెరిచి చూస్తే తొట్టి చెక్కుచెదరలేదు. ఆ తర్వాత అతనికి గుడి కట్టి, అగ్నిదేవుణ్ణి చేశారు. మనిషి చచ్చాక గుడి కట్టడం అధికారులకు ఎక్కడైనా చవకే.

మ్యూజియం వీధిలోనే కోడి బొమ్మల కప్పులు అమ్ముతారు. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలంనాటి అసలు కోడి కప్పు ఒకటి 2014లో హాంకాంగ్ వేలంలో 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది. కొన్నాయన అందులో టీ తాగి ఫొటో దిగితే చైనా అంతా గోల. నకలు కావాలంటే వీధిలో ఎన్ని రకాల ధరలైనా ఉన్నాయి. అచ్చు వేసిన బొమ్మ అయితే పది, ఇరవై యువాన్లు, చేత్తో వేసినదైతే చుక్కలు చూపిస్తారు.

మావో కాలపు ప్రభుత్వ కర్మాగారాలు 1990లలో వరసగా మూతపడ్డాయి. వేలమంది పనివాళ్లు రోడ్డున పడి, ఇళ్లలోనే చిన్న చిన్న దుకాణాలు తెరిచారు. నేను చూసిన సందుల ఏర్పాటులో చాలా భాగం అలా పుట్టిందే. మూతపడిన ఒక పెద్ద కర్మాగారం ఇప్పుడు టావోషీచువాన్ పేరుతో కాఫీ దుకాణాలు, ప్రదర్శనశాలలతో కళకళలాడుతోంది. పొగగొట్టాలను మాత్రం కూల్చలేదు. దేశం నలుమూలల నుంచి యువతీయువకులు ఇక్కడికి వచ్చి, గది అద్దెకు తీసుకుని, సాయంత్రం అయితే దుప్పటి పరిచి కప్పులు అమ్ముకుంటున్నారు. వీళ్లకు సొంత బట్టీలు లేవు. గ్యాసు బట్టీలోని అరలో ఎంత చోటు తీసుకుంటే అంత అద్దె కడతారు. మట్టి మొదలుకుని రంగు దాకా అంతా తామే చేసి, అడుగున తమ పేరు గీసుకుంటారు. ముచ్చటగానే ఉన్నాయి. అయినా చేత్తో పట్టుకుంటే చాలావరకు బరువు. ఆ పెద్దాయన తట్టి వినే పలచదనం ఒంటిచేతి పనికి అంత తేలిగ్గా రాదని నా నమ్మకం.

అందుకే నేను కొన్నది పేరు లేని కప్పులు. ఆకులూ తీగలూ ఉన్న నీలం రంగు జత. ఎవరు చేశారని అడిగితే దుకాణం ఆవిడ నవ్వి, "ఏ పని సంగతి అడుగుతున్నారు?" అంది. బేరం చాలాసేపు సాగింది, చివరికి ఆమే గెలిచింది.

పార్సిలు దుకాణాలు వీధికి అరడజను ఉన్నాయి. వెనకటికి గిన్నెలను వరిగడ్డితో అల్లి కట్టడమే ఒక కులవృత్తిలా సాగేదట. ఇప్పుడు గాలి బుడగల కాగితం, థర్మోకోల్. పెట్టె కట్టే ఆవిడ చేతులు యంత్రంలా కదులుతున్నాయి. పగిలితే ఫొటో పంపండి, డబ్బు వెనక్కి ఇస్తాం అంది. పెట్టె హైదరాబాద్ దాకా, విమానంలో, నా సంచీలోనే వెళ్తుందని తమ్ముడు చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కట్టిన పెట్టె విప్పి, ఒక్కో కప్పు లోపల కాగితం ఉండలు కుక్కి, మళ్లీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టింది. దానికి అదనంగా ఐదు యువాన్లు తీసుకుంది.