గుండ్రటి అక్షరాల అడాప్టర్

చొక్కా కాలర్‌కి గుచ్చే చిన్న మైకుని మన దగ్గర కాలర్ మైక్ అంటాం. ఇక్కడివాళ్లకి అది లావలియర్, పొట్టిగా 'లావ్'. ఇక్కడ సౌండ్ రికార్డింగ్ పనిలో చేరిన మొదటి వారం మా సీనియర్ "లావ్ పట్టుకురా" అన్నాడు. నాకు 'లవ్' అని వినపడింది. ఏం తెమ్మంటున్నాడో తెలియక బ్యాగు ముందు కూర్చుని ఒక్కో జిప్పూ తెరిచి మూశాను. చివరికి ఆయనే వచ్చి తీసుకెళ్లాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాత అడగడం మానేశాను. పరాయి దేశంలో ప్రొబేషన్‌లో ఉన్నవాడికి "తెలియదు" అనే మాట నోటికి రాదు. పని రాకుండానే విమానం ఎక్కేశాడు అనుకుంటారేమోనని టెన్షన్. ఆ మొహమాటానికి ఒక మైకు బలైపోయింది.

మూడో వారం, ఇద్దరు మనుషుల ఇంటర్వ్యూ. వైర్‌లెస్ సెట్లన్నీ ఇంకో షూట్‌కి వెళ్లిపోయాయి కాబట్టి కాలర్ మైకుల్ని నేరుగా చిన్న రికార్డర్‌కే కలపాలి. మైకు వైరు చివర 3.5 ఎంఎం పిన్ను, రికార్డర్‌కేమో మూడు పిన్నుల పెద్ద ప్లగ్గు పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు. బ్యాగులో ఈ రెంటినీ కలిపే అడాప్టర్లు రెండున్నాయి. బొటనవేలంత నల్లటి గొట్టాలు, కవల పిల్లల్లా ఉన్నాయి. చెరో మైకుకీ ఒకటి తగిలించాను.

రెండు మైకులూ మూగగా ఉన్నాయి. ఫాంటమ్, అంటే రికార్డర్ మైకుకి పంపే కరెంటు, ఆన్ చేయలేదని గుర్తొచ్చి మెనూలోకి వెళ్లి 48 వోల్టులు పెట్టాను. ఒకటో ఛానెల్‌లో గొంతు శుభ్రంగా వచ్చింది. రెండో దాంట్లో ముందు టప్‌మంది, తర్వాత గొంతు చిరిగిన గుడ్డలా కాసేపు వినిపించి, ఆపైన బుస్సుమనడం తప్ప ఏమీ లేదు. నేను గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే నాబ్, తిప్పుతూనే ఉన్నాను. మైకు చచ్చిందని ఒప్పుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. సీనియర్ పొడవాటి కర్రకి బిగించే బూమ్ మైకు తెచ్చి పెట్టబట్టి షూట్ ఆగలేదు.

సాయంత్రం ఆయన స్క్రూడ్రైవర్ తీసి రెండు అడాప్టర్లూ నా ముందే విప్పాడు. ఒకదాంట్లో వేలిగోరంత సర్క్యూట్ బోర్డు. రెండో దాంట్లో రెండు తీగలు, అంతే. మళ్లీ బిగించి రికార్డర్‌కి పెట్టి, 3.5 సాకెట్ దగ్గర మల్టీమీటర్ ఆనించాడు. బోర్డు ఉన్నది నాలుగు వోల్టుల దగ్గర నిలబడింది. తీగలది దాదాపు 48 చూపించింది. నాకు పాఠం చెప్పడానికి ఆయన ఇంకో మాట ఖర్చు పెట్టనక్కర్లేకపోయింది.

తర్వాత కూర్చుని నేనే విషయం కూడదీసుకున్నాను. రికార్డర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లోని 2, 3 పిన్నుల మీద 48 వోల్టులు సమానంగా పంపుతుంది, ఒక్కో దారిలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా. 1వ పిన్ను గ్రౌండ్. గొంతు వచ్చే తీగల మీదే కరెంటూ పోతుంది, దానికంటూ వేరే తీగ ఉండదు. అందుకే దానికి ఫాంటమ్, అంటే దయ్యం, అని పేరు. 48 అనే అంకె వెనక కూడా కథ ఉంది. 1966లో జర్మనీ మైకుల కంపెనీ న్యూమన్ నార్వే రేడియో వాళ్ల కోసం కేఎం 84 మైకు తయారు చేసినప్పుడు, వాళ్ల స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉందట. దాన్నే వాడుకున్నారు.

కాలర్ మైకులో ఉండేది ఎలక్ట్రెట్ క్యాప్సూల్, గొంతుని కరెంటుగా మార్చే చిన్న ముక్క. లోపలి చిన్న ట్రాన్సిస్టర్‌కి మామూలుగా రెండు నుంచి ఐదు వోల్టులు చాలు. చాలావాటికి పది దాటితే గండమే. ఆ బోర్డు చేసే పని 48ని అంత కిందికి దించడమే. తీగల అడాప్టర్‌తో ఫాంటమ్ ఆపితే మైకు పలకదు, ఆన్ చేస్తే బతకదు.

ఇంకో మోసం కూడా ఉంది. స్టీరియో కోసం కట్టిన కేబుల్‌లో పిన్ను కొన 2కి, మధ్య రింగు 3కి పోతాయి. కొన్ని కాలర్ మైకులు ఆ రెంటి మీదా ఒకే గొంతు పంపుతాయి. రికార్డర్ 2వ పిన్ను మీద వచ్చినదాంట్లోంచి 3వ దాని మీద వచ్చినది తీసేస్తుంది కాబట్టి మిగిలేది సున్నా. మైకు బాగుంటుంది, కేబుల్ బాగుంటుంది, శబ్దం ఉండదు! ఫోన్ల కోసం చేసిన మైకైతే పిన్ను మీద నల్ల గీతలు రెండు కాకుండా మూడుంటాయి. అది కనబడితే దానికి తగ్గ కన్వర్టర్ లేకుండా అడాప్టర్ జోలికే పోను.

ఇప్పుడు నా వరస మారదు. ముందు ఫాంటమ్ ఆఫ్, గెయిన్ సున్నా. అన్నీ తగిలించాకే 48. నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు గెయిన్. తీసేటప్పుడు మళ్లీ ఫాంటమ్ ఆపి కాస్త ఆగుతాను. అడాప్టర్‌ని రికార్డర్ దగ్గర కాకుండా మాట్లాడే మనిషి నడుము దగ్గరే పెట్టి, అక్కణ్నుంచి పొడవాటి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ లాగుతాను. మైకు సన్న వైరుని పొడిగిస్తే దారిలోని ఫోన్ల గురగురంతా పట్టుకొస్తుంది.

అన్నట్టు, ఈ దేశపు యాస నాకు వచ్చింది హెడ్‌ఫోన్లలోంచే. కెమెరా తిరగకముందు మనుషులు తమలో తాము గొణుక్కుంటారు, చెప్పబోయే మొదటి వాక్యాన్ని నాలుగుసార్లు మార్చుకుంటారు. వాళ్ల భాషే వాళ్లకి తడబడుతుంటే చెవిలో విన్నాక, నేను "తెలియదు" అనడం కొంచెం తేలికైంది.

మైకు పోయిన మర్నాడే బోర్డున్న అడాప్టర్ మీద తెల్ల టేపు చుట్టి తెలుగులో 'తగ్గించేది' అని రాశాను. రెండో దాని మీద 'ఉత్త తీగ' అని. పోయిన నెల కొత్తగా చేరిన కుర్రాడు బ్యాగు ముందు కూర్చుని జిప్పులు తెరుస్తుంటే, అవతలి గదిలోంచి సీనియర్ అరిచాడు: "గుండ్రటి అక్షరాలు ఎక్కువున్నది తీసుకో. చదవడం రాకపోతే అతన్ని అడుగు."