మంచు వెయ్యాలంటే పత్తి కుప్ప చూడండి

అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ చలికాలపు ముఖచిత్రాన్ని చూసి వాటర్‌కలర్‌లో వెయ్యబోయేవాళ్లు మొదట తెల్లరంగు మూత తీస్తారు. తప్పు అక్కడే. ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికకు ఆయన 1916 నుంచి 1963 దాకా 300కు పైగా అట్టబొమ్మలు వేశాడు. 1926 దాకా ఆ అట్ట అచ్చులో ఎరుపు, నలుపు రెండే. తెలుపంటే ఒట్టి కాగితం. ఆయనవి నూనెరంగులే అనుకోండి, కానీ వాటర్‌కలర్‌లో మనకు ఆ ఒట్టి కాగితమే మంచు.

నల్లగొండలో మంచు కురవదు, పత్తి ఉంది కదా! పొద్దున ఏటవాలు ఎండలో కుప్ప చూడండి: ఎండపక్క లేత పసుపు, నీడపక్క నీలం. ఆ నీడకు అల్ట్రామెరీన్ బ్లూ నాలుగు పాళ్లు, బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమరంగు) ఒక పాలు, నీళ్లు ఎక్కువ. నలుపు కలిపితే మంచు కాదు, సిమెంటు అవుతుంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఉండాలి. పలచనిది తడికి ఉబ్బి, గుంతల్లో రంగు నిలిచి మరకలు కడుతుంది. మన పొడిగాలికి రంగు సగంలోనే ఆరి అంచు గీతలు పడతాయి. ముందే కాగితం తడపండి, ఫ్యాన్ ఆపండి.

రాలే మంచు చివర్న: తెల్ల పోస్టర్‌కలర్‌ను చిక్కటి మజ్జిగలా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ముంచి బొటనవేలితో మీటాలి. పలచనైతే చుక్కలు జారతాయి. ముఖాల మీద అట్టముక్క అడ్డం పెట్టండి. రాక్‌వెల్ బొమ్మకు ప్రాణం ఆ ముఖాలే.