పాత ఎంజీబీకి కొత్త పెట్రోలు గొట్టాలు

చెన్నైలో పాత కార్లు నడిపేవాళ్లం కలిసినప్పుడు రంగు గురించి, క్రోమ్ పూత గురించి, సీట్ల తోలు గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. పెట్రోలు గొట్టాల ప్రస్తావన మాత్రం ఎవరి బండిలోనైనా వాసన వస్తున్నప్పుడే వస్తుంది. మా 1960ల నాటి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) విషయంలో వాసన వచ్చేదాకా ఆగకూడదని నేను నిశ్చయించుకోవడానికి కారణం ఆ బండి నిర్మాణమే. పెట్రోలు ట్యాంకు బండి వెనుక డిక్కీ కింద, పెట్రోలును తోసే విద్యుత్ పంపు వెనుక చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉంటాయి. అక్కడి నుండి పెట్రోలు బండి పొడవునా లోహపు గొట్టంలో ప్రయాణించి, ముందున్న రెండు ఎస్‌యూ కార్బొరేటర్లకు (ఎస్‌యూ బ్రాండువి, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగాలు) చేరుతుంది. ఆ కార్బొరేటర్ల కిందనే ఇంజన్ పొగను బయటికి పంపే, నిప్పులా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుంది కనుక, ముందు భాగంలో గొట్టం ఊడినా చిట్లినా పెట్రోలు పడేది దాని మీదే. పైగా ఆ పంపు ఇంజన్‌తో తిరిగేది కాదు. ఇంజన్ ఆగిపోయినా, తాళం తిప్పి ఉన్నంతసేపు పెట్రోలును తోస్తూనే ఉంటుంది.

రబ్బరు గొట్టం బాగుందో లేదో పైపైన చూసి చెప్పలేము. పాత గొట్టాలలో ఎక్కువ భాగం నైట్రైల్ రబ్బరుతో చేసినవి. 2023 నుండి మన బంకులలోకి వచ్చిన ఈ20 పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటుంది. పాత రకం రబ్బరు అందులో నాని ఉబ్బుతుంది. మెత్తదనాన్నిచ్చే పదార్థాలు క్రమంగా కరిగిపోతాయి. బండి నెలల తరబడి కదలకుండా ఉండి గొట్టం ఎండినప్పుడు లోపలి పొర బిగుసుకుని పగులుతుంది. అలా ఊడిన నల్లటి రేణువులు కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలోని, గిన్నె నిండగానే పెట్రోలును ఆపే సూది కవాటం కింద ఇరుక్కుంటే, కవాటం మూసుకోక పెట్రోలు పొంగి బయటికి కారుతుంది. అప్పుడు మెకానిక్ కార్బొరేటర్‌ను విప్పి శుభ్రం చేస్తాడు, కొన్ని వారాలకు మళ్లీ అదే కథ. తప్పు గొట్టానిది, శిక్ష కార్బొరేటర్‌కు.

కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది గొట్టం మీది ముద్ర. ఎస్‌ఏఈ జె30 ఆర్6 అని ఉన్నది సాధారణ రకం (ఎస్‌ఏఈ అమెరికా ఇంజనీర్ల సంఘం, జె30 అది పెట్టిన ఇంధన గొట్టాల ప్రమాణం). ఆర్9 అని ఉన్నదానికి లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, అది ఇథనాల్‌ను చాలా బాగా తట్టుకుంటుంది. చెన్నైలో బండ్ల విడిభాగాలు అమ్మే జీపీ రోడ్డు దుకాణాలలో రెండు రకాలూ దొరుకుతాయి, ఏ ముద్రా లేనిదీ దొరుకుతుంది. ముద్ర లేనిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా నేను తీసుకోను. కొలత విషయంలోనూ జాగ్రత్త అవసరం. 5/16 అంగుళం అంటే దాదాపు 7.9 మిల్లీమీటర్లు గనుక 8 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. పావు అంగుళం పైపుకు మాత్రం 8 ఎక్కించి క్లిప్పుతో నొక్కిపెట్టడం ప్రమాదకరం.

ప్రదర్శనల కోసం బండిని సిద్ధం చేసేవారికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. గుడ్డ అల్లికతోనో స్టీలు అల్లికతోనో కప్పిన గొట్టాలు చూడముచ్చటగా ఉంటాయి, కాని ఆ అల్లిక కింద రబ్బరు పగిలినా కనిపించదు, వేలితో నొక్కినా తెలియదు. పాత రూపాన్ని కాపాడుకోవడానికి బండిలో ఇంకెన్నో చోట్లున్నాయి. పెట్రోలు పారే దారిలో నాకు నల్లటి మామూలు గొట్టమే ఇష్టం.

గొట్టం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి కీళ్లు. పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు ప్రమాణం) మరకు అంగుళానికి 19 చుట్లు, కోణం 55 డిగ్రీలు; అదే కొలత ఎన్‌పీటీ (అమెరికన్ పైపు ప్రమాణం) మరకు 18 చుట్లు, 60 డిగ్రీలు. మొదటి రెండు మూడు చుట్లు ఒకదానిలో ఒకటి చక్కగా ఎక్కుతాయి, ఆ తరువాత బిగుసుకుంటాయి; బిగిసింది కదా అని బలవంతం చేస్తే ఇత్తడి మర పాడవుతుంది. కారుతున్న చోట టెఫ్లాన్ టేపు చుట్టడం మన దగ్గర బాగా అలవాటు, కాని ఫ్లేర్ కీలును (పైపు చివరను గరాటులా విప్పి బిగించేది) మూసేది మర కాదు, ఒకదానికొకటి ఆనుకునే ఏటవాలు అంచులు. టేపు అక్కడ పనికిరాదు సరికదా, దాని పోగులు ఊడి కార్బొరేటర్‌లోకి పోతాయి. బాంజో కీలు (బోలు బోల్టు చుట్టూ ఉంగరంలా అమరేది) విప్పిన ప్రతిసారీ ఫైబర్ వాషర్లు కొత్తవి వేయాలి. చిల్లుల పట్టీ ఉన్న క్లిప్పు చిన్న గొట్టాన్ని కోసేస్తుంది. అంచులు మడిచిన నునుపు పట్టీతో, బోల్టుతో బిగించే రకం మేలు. కార్బొరేటర్ల అడుగున ఫ్లోట్ గిన్నె నుండి పెట్రోలు చిమ్మే జెట్‌కు పోయే సన్నని నైలాన్ గొట్టాన్ని చాలామంది మరిచిపోతారు. దాని చివరనున్న చిన్న రబ్బరు బిళ్ల కూడా మార్చవలసినదే.

ఈ పనిని నేను అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో చేయను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీదనే పాకి పల్లంలో నిలుస్తుంది, ఎక్కడో దూరాన ఉన్న నిప్పురవ్వ చాలు. ఆ కాలపు ఎంజీబీలలో రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనుక, పంపుకు దగ్గరలోనే ఉంటాయి కనుక ముందు వాటి తీగలు విప్పాలి. పొడి రసాయనపు అగ్నిమాపకం చేతికి అందేటంత దూరంలో ఉండాలి.

అన్నీ బిగించాక ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, పంపు శబ్దం వినాలి. గిన్నెలు నిండేవరకు టకటక కొట్టుకుని ఆగిపోతే సరే. ఆగకుండా వేగంగా కొట్టుకుంటూనే ఉంటే, ఎక్కడో కారుతోందనో, సూది కవాటం మూసుకోవడం లేదనో, పీల్చుకునే వైపు గాలి లోపలికి పోతోందనో అర్థం. ఈ మూడవది అన్నింటికంటే మోసకారి, ఎందుకంటే బయట ఒక్క చుక్క తడి కూడా కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు ముందున్న కీళ్లను వదిలిపెట్టి, ట్యాంకుకూ పంపుకూ మధ్యనున్న కీళ్లను చూడాలి.