ఎయిర్ బెడ్ కొన్నా తిప్పాల్సిందే

మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇంట్లో ముందుగా కొనే వస్తువు ఎయిర్ బెడ్, అంటే పంపుతో గాలి నిండే బుడగల పరుపు. అది రాగానే 'ఇక పక్కకి తిప్పక్కర్లేదు' అనుకుంటారు, తంటా అక్కడే మొదలవుతుంది. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన కండకి రక్తం అందకే పడక పుండు పడుతుంది. ఎయిర్ బెడ్ బుడగలు ఆ ఒత్తిడిని ఒకచోటి నుంచి మరోచోటికి మారుస్తాయంతే, తీసేయవు.

సగం ఇళ్లలో దాన్ని వేయడమే సరిగా వేయరు. మామూలు పరుపు మీద పరిచి, గొట్టాలు కాళ్లవైపు రావాలి. పంపు మీద మనిషి బరువును బట్టి నాబ్ తిప్పాక, ఎయిర్ బెడ్ అడుగున పిరుదుల దగ్గరికి అరచెయ్యి దూర్చి చూడండి. చేతికీ ఒంటికీ మధ్య అంగుళం మందాన గాలి ఉండాలి. ఎముక చేతికి తగులుతోందంటే గాలి చాలలేదు. పైన ఒక్క పలచటి నూలు దుప్పటి చాలు. రబ్బరు షీటు, దాని మీద నాలుగు మడతల పాత చీర, ఆపైన బొంత పేరిస్తే ఎయిర్ బెడ్ ఉన్నా లేనట్టే, పైగా చెమట. కరెంటు పోతే గాలి దిగిపోతుంది కనక పంపుని ఇన్వర్టర్ లైనుకి కలపండి.

తిప్పడం రెండు గంటలకోసారితో మొదలుపెట్టండి. పూర్తిగా పక్కకి, గోడలా నిలబెట్టినట్టు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. 30 డిగ్రీల వాలు చాలు: వీపు వెనక భుజం నుంచి నడుము దాకా ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకొకటి. నడుం కింది ఎముక పరుపుకి ఆనకుండా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలి. వెల్లకిలా ఉన్నప్పుడు పిక్కల కింద పొడుగునా దిండు పెట్టి మడమలు గాల్లో తేలేలా చేయండి. చీలమండ కింద మాత్రమే పెడితే ఒత్తిడి అక్కడికి చేరుతుంది.

పైకి జరపడానికి చంకల్లో చేతులేసి లాగుతారు చూడండి, అది మానాలి. చర్మం దుప్పటికి అంటుకుని ఉండిపోతే లోపలి కండ జారుతుంది. అడ్డంగా ఒక దుప్పటి పరిచి, ఇద్దరు చెరోవైపు అంచులు చుట్టి పట్టుకుని ఎత్తి జరపండి. తలవైపు ఎత్తితే మనిషి కిందికి జారినప్పుడూ ఇదే జరుగుతుంది. అందుకే ముందు మోకాళ్ల కింద ఎత్తు పెట్టాకే తలవైపు లేపాలి. తిండి తర్వాత అరగంటైనా అలాగే కూర్చోబెట్టి, ఆపైన దించాలి.

రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుం కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు. పక్క చర్మం కన్నా నల్లగానో ఊదాగానో, వెచ్చగా, గట్టిగా లేదా మెత్తగా ఉందేమో తడిమి చూడాలి. తిప్పిన అరగంటకీ ఆ మచ్చ పోకపోతే రెండు గంటలు కూడా ఎక్కువే, వ్యవధి తగ్గించండి. అక్కడ మర్దన అస్సలు వద్దు, నలిగిన కండ ఇంకా నలుగుతుంది. మధ్యలో చిల్లున్న గుండ్రటి గాలి ట్యూబు కూడా వద్దు. దాని అంచు చుట్టూ రక్తాన్ని ఆపేస్తుంది. అయినా అది ప్రతి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది!

డైపర్ తడిసిన వెంటనే మార్చి, రుద్దకుండా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి. పౌడరు చెమటకి ఉండకట్టి ఒరుసుకుంటుంది.

జావతో, చారన్నంతో పుండు మానదు. 50 కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లలో వచ్చేది 12 గ్రాములే. పాలు, ముద్దపప్పు, పెరుగు కలిపినా కొంత తక్కువే పడుతుంది. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరుని అడిగాకే పెంచాలి.

చర్మం చిట్లితే సెలైన్‌తో కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కొత్తగా పుట్టే కండని కూడా చంపేస్తాయి. పసుపు, సున్నం వద్దు. నల్లటి పెచ్చు కట్టినా, వాసనొచ్చినా, చీము, జ్వరం కనిపించినా పెచ్చు పీకకుండా ఆ రోజే డాక్టరుకి చూపించండి.