జొన్నరొట్టె అంచు నిలిచింది, పొంగు మిగిలింది

శనివారం రాత్రి

అంచు పగలలేదు! పీట మీద తట్టినప్పుడు పగలలేదు, అరచేతిలోకి తీసుకున్నప్పుడు పగలలేదు, పెనం మీద వేసి నీళ్లు రాశాక కూడా పగలలేదు. చలి మొదలైనప్పటి నుంచి నన్ను ఏడిపిస్తున్న జొన్నరొట్టె ఇవాళ గుండ్రంగా, నిండుగా పళ్లెంలోకి వచ్చింది. పూర్తిగా పొంగలేదు, ఆ గొడవ వేరే. ముందు ఈ అంచు సంగతి వివరంగా రాసి పెట్టుకోవాలి.

ఆఫీసు నుంచి వచ్చాక ముప్పావుగంటలో అయ్యే శాకాహార భోజనాలు ఇంట్లోనే వండుకోవడం ఈ ఏడాది పెట్టుకున్న సరదా. మిగతావి దాదాపు దారికొచ్చాయి. పెసరపప్పు వేసిన కొర్రల ఉప్పుపిండి, ఒకే కుక్కర్లో: బాగుంది. తోటకూర పప్పు, తాండూరు కందిపప్పుతో: చాలా బాగుంది, ఆ పప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. పెసరట్టు: పిండికి మా పాత ప్రీతి మిక్సీ చాలు, గ్రైండర్ అక్కర్లేదు. జొన్నరొట్టె ఒక్కటే మొండికేసి కూర్చుంది.

అది చేసే అల్లరి ఎప్పుడూ ఒకే తీరు. ఉండ నున్నగానే ఉంటుంది. తట్టడం మొదలుపెట్టాక వెడల్పు 12 సెంటీమీటర్లకు వచ్చేసరికి అంచున సన్నని గీతలు పడతాయి. 14కు వచ్చేసరికి అవి ఒక్కొక్కటి సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోపలికి చీలతాయి. వేలితో అదిమితే అతుక్కున్నట్టే కనిపిస్తాయి, పెనం మీద వేడి తగలగానే మళ్లీ నోరు తెరుస్తాయి. ఆవిరంతా అక్కడి నుంచే పోతుంది కాబట్టి పొంగే మాటే లేదు. పావుగంట ఆగితే అప్పడంలా విరుగుతుంది.

గోధుమపిండికి గ్లూటెన్ ఉంది, సాగుతుంది. జొన్నకు అది లేదు. జొన్నపిండిని పట్టి ఉంచేది ఉడికిన పిండిలో పుట్టే జిగురు ఒక్కటే. ఇది అందరికీ తెలిసిందే, అందుకే అందరం మరిగే ఎసరు పోస్తాం. నేనూ సలసల మరిగే నీళ్లే పోశాను. అయినా పగిలేది. అనుమానితులను ఒక్కొక్కరినే పిలిచి విచారించాను.

మొదట పిండి. దుకాణంలో కొన్న ప్యాకెట్టు పిండి ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త పాత నూనె వాసన. జొన్నగింజ మొలకభాగంలో కొవ్వు ఉంటుంది, పిండి పట్టాక అది గాలి తగిలి పాడవుతుంది. ప్యాకెట్ల మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది గానీ పిండి ఎప్పుడు పట్టారో ఉండదు, నాకు వాటితో పేచీ అక్కడే. దాన్ని పక్కన పెట్టి, మాల్దండి రకం జొన్నలు రెండు కిలోలు కొని మరలో పట్టించాను. మాల్దండి యాసంగి పంట, నల్లరేగడిలో నిలిచిన తేమతోనే పండుతుంది. కోత వేళ వానలు ఉండవు కాబట్టి గింజకు బూజు మచ్చలు రావు, తెల్లగా ముత్యంలా మెరుస్తుంది. రుచి ఎంతో మెరుగు. పగుళ్లు మాత్రం 12కు బదులు 14 దగ్గర మొదలయ్యాయి, అంతే.

తర్వాత జల్లెడ. సన్న జల్లెడలో పడితే 150 గ్రాముల పిండికి 11 గ్రాముల పొట్టు పోయింది. పగుళ్లలో తేడా లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు. దానికోసమే తింటూ దాన్నే జల్లించి పారేయడం ఎందుకు? జల్లెడ అటక మీదికి పోయింది.

మూడోది నీళ్ల కొలత. నాకు అసలు దారి చూపింది ఇదే. 150 గ్రాముల పిండికి 120, 135, 150, 165 గ్రాముల నీళ్లు, నాలుగు రకాలుగా. 120కి పిండి ఉండ కట్టలేదు. 135కి కట్టింది గానీ గట్టి. 150 బాగుంది. 165కి పీటకు అంటుకుంది, పొడిపిండి ఎక్కువ వాడాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే అంత మెత్తగా, చేతికి అంటుకునే పిండి కూడా అంచున పగిలింది. పొడిగా ఉండి పగిలితే నీళ్లు చాలలేదు అనుకోవచ్చు. తడిగా ఉండి కూడా పగిలిందంటే నీళ్లు తక్కువై కాదు, జిగురు పుట్టక.

మర్దించడం రెండు నిమిషాల నుంచి ఏడు నిమిషాలకు పెంచితే పైభాగం నున్నబడింది, అంచు మాత్రం మారలేదు. గోధుమపిండి పావువంతు కలిపితే పగలదని చాలామంది చెబుతారు, నిజమే. ఉడికించిన బంగాళాదుంప కలిపినా పగలదు. అప్పుడు దాన్ని జొన్నరొట్టె అని పిలవడానికి నాకు మనసొప్పదు.

పై అంతస్తులో ఉండే పెద్దమ్మది జహీరాబాద్ వైపు. మూడు పూటలా రొట్టె తిని పెరిగిన మనిషి. పీట కూడా వాడదు, తడిచేతుల మధ్య తిప్పుతూ రొట్టె చేసేస్తుంది. నా రొట్టె ముక్క తుంచి, వేళ్ల మధ్య నలిపి, "నీళ్లు మరిగితే సరిపోదు నాయనా, పిండి ఉడకాలి" అంది. రెండూ ఒకటి కాదా అనుకుంటూ కిందికి వచ్చి వంటింటి థర్మామీటరు తీశాను.

కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు ఇక్కడ 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలోంచి వెడల్పు స్టీలు పళ్లెంలోకి పోస్తుండగానే కొన్ని డిగ్రీలు పోతాయి. పిండి, పళ్లెం రెండూ 22 డిగ్రీల చల్లదనంలో ఉన్నాయి, చెరికాస్త వేడిని లాక్కుంటాయి. గరిటెతో కలిపి థర్మామీటరు గుచ్చితే 62. రెండు నిమిషాల తర్వాత 54. జొన్న పిండిపదార్థం నీళ్లు పీల్చి జిగురు తేలడం మొదలయ్యేదే 68 డిగ్రీల దగ్గర. గోధుమది అంతకంటే తక్కువ వేడికే ఉడుకుతుంది. అంటే నేను పోసిన మరిగే ఎసరు నా పిండిని తడిపిందే తప్ప ఉడికించలేదు. వేసవిలో అప్పుడప్పుడూ కుదిరి, చలికాలంలో అసలు కుదరకపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుండాలి. పళ్లెం, పిండి పది పదిహేను డిగ్రీలు వెచ్చగా ఉంటే ఆ మేరకు ముద్ద కూడా వేడిగా ఉంటుంది.

ఇవాళ పద్ధతి మార్చాను. మందపాటి గిన్నెలో 165 గ్రాముల నీళ్లు, అర చెంచా ఉప్పు. బాగా మరిగాక మంట పూర్తిగా తగ్గించి 150 గ్రాముల పిండి ఒక్కసారిగా పోసి, గరిటె కాడతో గబగబా తిప్పి, మూత పెట్టి నిమిషం సన్నసెగ మీదే ఉంచాను. దించి మరో ఐదు నిమిషాలు మూత తీయలేదు. మూత తీసి గుచ్చితే 86 డిగ్రీలు! పదిహేను గ్రాముల నీళ్లు ఎక్కువ పోసింది ఆవిరికి పోతాయని. చేయి పెట్టగలిగేంత చల్లారాక అరచేతి మడమతో ఐదు నిమిషాలు మర్దించాను. పిండి రంగే మారింది, కాస్త పారదర్శకంగా, లాగితే కొంచెం సాగి తెగుతోంది. ఇంతకుముందు సాగేదే కాదు, పుటుక్కున విరిగేది.

నాలుగు ఉండలు, ఒక్కొక్కటి 73 గ్రాములు. 18 సెంటీమీటర్ల వరకు తట్టినా అంచు చీలలేదు. మిగతా ఉండల మీద తడిగుడ్డ కప్పడం తప్పనిసరి. ఒకదాన్ని కావాలనే కప్పకుండా వదిలేస్తే పైన పొర కట్టి, అదొక్కటే అంచున రెండు గీతలు చూపించింది.

ఆదివారం

ఇక పొంగు.

పెనం పాత ఇనుపది, బాగా నల్లబడింది. నాన్‌స్టిక్ మీద జొన్నరొట్టె వద్దనే నా అభిప్రాయం. దీనికి కావలసిన వేడిలో ఖాళీ నాన్‌స్టిక్ పెనాన్ని అంతసేపు ఉంచడం ఆ పూతకు మంచిది కాదు. చపాతీ ప్రెస్సు కూడా వద్దు, ప్లాస్టిక్ కాగితం వేసి నొక్కినా అంచు చీలుతుంది. చేయి తట్టుతూ తిప్పితేనే అంచు లోపలికి సర్దుకుంటుంది.

పరారుణ థర్మామీటరుతో పెనం వేడి చూసుకుంటూ చేశాను. 190 డిగ్రీల దగ్గర రొట్టె ఎండిపోయింది, పొంగలేదు. 250 దగ్గర నల్లమచ్చలు, చిన్నచిన్న బుడగలు. 220 దగ్గర అసలు పొంగు కనిపించింది, కానీ సగమే. రొట్టె ఒక వైపు గుమ్మటంలా లేస్తుంది, రెండో వైపు పెనానికి అంటుకుని పడుకుంటుంది.

పెనం ఒక వైపు చల్లగా ఉందేమోనని రొట్టెను సగం తిప్పి చూశాను. పొంగిన సగం రొట్టెతోపాటే తిరిగింది. పెనం నిర్దోషి. మందంలో తేడా ఉందేమోనని పుల్ల గుచ్చి కొలిస్తే నడుమ 3 మిల్లీమీటర్లు, అంచున 2, అన్ని వైపులా దాదాపు అంతే.

అప్పుడు ఒక నువ్వుగింజ పనికొచ్చింది. తట్టేటప్పుడు నా వైపున్న అంచుకు గింజ ఒకటి అతికించి, ఆ తర్వాత రొట్టె ఎటు తిరిగినా గింజ ఎక్కడుందో చూశాను. పడుకున్న సగం ఎప్పుడూ గింజ ఉన్న సగమే. పీట మీది నుంచి ఎత్తేటప్పుడు నా నాలుగు వేళ్లూ ఆ వైపు నుంచే కిందికి దూరుతాయి. పచ్చి రొట్టెను దీపానికి ఎదురుగా పట్టుకుంటే వేళ్లు ఆనిన చోట వెంట్రుకంత గీతలు, వెలుతురు కొంచెం ఎక్కువ దిగుతోంది. ఆవిరి అక్కడి నుంచి పోతోందని నా అనుమానం.

రెండో అనుమానం పొడిపిండి మీద. పెనం మీద వేశాక పై వైపు నీళ్లు రాస్తాం కదా, అది పొడిపిండిని కడిగేసి పై పొరను తడిగా ఉంచుతుంది. నా వైపు అంచుకు చేయి సరిగ్గా అందక అక్కడ నీళ్లు తక్కువ పడుతున్నాయేమో. పొడిపిండి మిగిలిన చోట పొర విడిగా ఎండి చిట్లుతుంది.

బుధవారం

రెండు అనుమానాలనూ విడదీసి చూశాను. నీళ్లు రాయడం చేతితో మాని, నానబెట్టిన చిన్న గుడ్డతో అంచుల దాకా సమంగా రాశాను: తేడా లేదు, సగమే. వేళ్లతో ఎత్తకుండా పీటను పెనం పక్కకు తెచ్చి, వంచి, అరచేతి మీదికి జార్చి వేశాను: ముప్పాతిక పొంగింది! గింజ ఉన్న మూల మాత్రం ఇంకా లేవలేదు. జార్చాలంటే పీట మీద పొడిపిండి కాస్త ఎక్కువ చల్లాల్సి వస్తోంది, దాంతో రెండో అనుమానం మళ్లీ తలెత్తుతోంది. వచ్చేసారి పీట బదులు పెద్దమ్మ పద్ధతి, తడిచేతుల మధ్యే. పొడిపిండీ ఉండదు, ఎత్తే పనీ ఉండదు. ఆమె అరచేతి వెడల్పు నాకు లేదు కాబట్టి 73 గ్రాముల ఉండను 55కు తగ్గించి చిన్న రొట్టెలతో మొదలుపెడతాను.

రాత్రి పొంగని రొట్టెల్లోకి గోంగూర పప్పు. జొన్నలో తక్కువైన, మాంసకృత్తుల్లో ఒక భాగమైన లైసిన్‌ను పప్పు పూరిస్తుంది, రొట్టెకు పప్పు జోడీ ఊరికే కుదరలేదు. మిగిలిన ఒకటిన్నర రొట్టె పొద్దున మజ్జిగలో నలిపి, పచ్చి ఉల్లిపాయతో తిన్నాను. ఇది వంటకం కింద లెక్క రాదు గానీ వారంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ముందున్న పని భోగికి నువ్వులద్దిన సజ్జరొట్టె. సజ్జపిండి జొన్నపిండి కంటే చాలా త్వరగా చేదెక్కుతుంది కాబట్టి కిలోలకు కిలోలు పట్టించను. గింజలు తెచ్చి ఉంచి, పండుగకు ఒక రోజు ముందు అరకిలో మాత్రం మరకు తీసుకెళ్తాను. ఎసట్లో ఉడికించే పద్ధతి సజ్జకూ ఇదే అనుకుంటున్నాను, నీళ్లు 150 గ్రాముల పిండికి 150తో మొదలుపెట్టి చూడాలి. నువ్వులు ముందే అద్దితే తట్టేటప్పుడు గింజ గింజకూ ఓ చిల్లు పడుతుందేమో, అప్పుడు పొంగు మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పెనం మీద నీళ్లు రాశాక, ఆ తడి మీదే చల్లి అదుముతాను. కొత్త మాల్దండి జొన్నలు ఫిబ్రవరి, మార్చిలో కోతకు వస్తాయి. అప్పటిదాకా డబ్బాలో ఉన్న పిండి కిలోకు తక్కువే ఉంది, దాన్ని చిన్న రొట్టెలకే దాచాలి.